రమ్మని పిలిచింది నేనే

మంగళవారం, చిక్కడపల్లి

కోఠిలో కొన్న పాత పుస్తకం పొద్దున యాదగిరికి చదివి వినిపించాను. స్పెయిన్‌లో ఒక చిత్రకారుడు అక్కడి పాలకుణ్ని వెక్కిరిస్తూ బొమ్మలు వేశాడట. దేశం వదిలి పారిపోయి, చచ్చేదాకా పరాయి ఊళ్లో తన ఇంటి నీలం తలుపునే గీశాడట.

యాదగిరిదీ అదే కథ. మా ఊరి గోడ మీద సర్పంచ్‌ను గాడిదగా గీశాడు. మళ్లీ కనిపిస్తే ప్రాణం తీస్తానన్నాడు సర్పంచ్. ఏడేళ్లుగా అశోక్‌నగర్ కోచింగ్ సెంటర్లకు గోడరాతలు రాసి బతుకుతున్నాడు.

"మరి ఆయనను ఎవ్వరు వాపస్ రమ్మనలేదా అన్నా?" అని అడిగాడు.

నా పాడుబుద్ధి ఊరుకుంటుందా! మధ్యాహ్నం కొత్త సిమ్ వేసి, సర్పంచ్ గొంతుతో ఫోన్ చేశాను. "అయిందేదో అయింది, ఇంటికి రారా యాదగిరీ."

సాయంత్రం ఏడిపిద్దామని వాడి గదికి వెళితే తాళం. ఫోన్ చేస్తే బస్సులో ఉన్నాడు.

"అరేయ్, గా ఫోన్ చేసింది నేనేరా! దిగు, సంపుతరు!"

"సాలు తియ్యన్నా నీ మజాక్. ఈసారి నమ్మ," అని నవ్వి పెట్టేశాడు.

ఆ గొంతు మళ్లీ తీసి వినిపిద్దామనుకునేలోపు స్విచాఫ్. ఇప్పటికీ అంతే.

ఆ స్పెయిన్ ఆయనను ఎవరూ పిలవలేదు. అందుకే ముసలివాడయ్యాకే చనిపోయాడు.