చూపించని కాగితం

కొండాపూర్,
12 జూన్ 2022, ఆదివారం.

వసంతక్కకు,

ఆరేళ్ళపాటు నిన్ను పేరుపెట్టే పిలిచాను. ఈ ఉత్తరం మాత్రం అలా మొదలుపెట్టలేకపోయాను. నీకు నాలుగుసార్లు ఫోన్ చేశాను, నువ్వు ఎత్తలేదు. ఒకందుకు ఎత్తకపోవడమే మంచిదయింది. ఫోనులో అయితే బాగున్నావా అని, నీ కూతురి చదువు ఎంతవరకు వచ్చిందని అడిగి, అసలు సంగతి చెప్పకుండానే పెట్టేసేదాన్ని. నువ్వు మదీనాగూడకు మారావని గేటు దగ్గర వాచ్‌మన్ ఓదెలు చెప్పాడు. ఈ కవరు అతని చేతికే ఇస్తున్నాను.

అత్తయ్య పోయిందని నీకు తెలుసు. ఎలా పోయిందో తెలియాల్సిన మనిషివి కూడా నువ్వే. పక్షవాతం వచ్చి మంచం పట్టిన రోజు నుంచి ఆమెకు స్నానం చేయించింది, తల దువ్వింది, ముద్ద పెట్టింది నువ్వు. దినేషూ నేనూ ఆమెకు కొడుకూ కోడలమే గానీ, వంకర తిరిగిన నోటితో ఆమె చెప్పే మాట సగం మాకు అర్థమయ్యేది కాదు. నువ్వు వంటింట్లోంచే జవాబు చెప్పేదానివి.

జనవరిలో కరోనా కేసులు మళ్ళీ పెరుగుతున్నప్పుడు మా అపార్ట్‌మెంట్ అసోసియేషన్ ఆ నిబంధన పెట్టింది. పనికి వచ్చేవాళ్ళు రెండు డోసుల సర్టిఫికెట్ గేటు దగ్గర చూపిస్తేనే లోపలికి రావాలని. సెక్రటరీ కాబట్టి నోటీసు రాసింది దినేషే. వాట్సాప్ గ్రూపులో పెద్ద గొడవే జరిగింది. తొమ్మిదో అంతస్తు లక్ష్మీనారాయణగారు ఒక్కరే ఎదురు చెప్పారు. "టీకా వేయించుకోమని నచ్చజెప్పండి, నేనూ వస్తాను. కానీ కాగితం అడిగితే ఓనర్లతో సహా అందరినీ అడగండి" అని రాశారు. "స్వేచ్ఛ గురించి ఉపన్యాసం తర్వాత ఇద్దురుగానీ సార్, మా ఇంట్లో పసిపిల్లలున్నారు" అని ఒకావిడ బదులిచ్చింది. ఆవిడ భయం అబద్ధమని నేననను. అంతకుముందు ఎండాకాలంలో మా ఒక్క టవర్‌లోనే ఐదుగురు పోయారు. నేను ఏమీ రాయలేదు. దినేష్ నోటీసు కింద బొటనవేలు బొమ్మ పెట్టి ల్యాప్‌టాప్ ముందు కూర్చున్నాను.

సోమవారం పొద్దున ఓదెలు ఇంటర్‌కమ్‌లో పిలిచాడు. "మేడం, వసంత కాయిదం సూపిస్తలేదు. ఏం జెయ్యమంటరు?"

నేను కిందికి దిగి వచ్చాను. నువ్వు గేటు బయట, పాలవాళ్ళ బండి పక్కన నిలబడి ఉన్నావు. సర్టిఫికెట్ లేదా అని అడిగాను. "నాకు సూపియ్య బుద్ధయితలేదు మేడం" అన్నావు. అంటే టీకా వేయించుకోలేదనే నేను అర్థం చేసుకున్నాను. డ్రైవర్లు, పాలవాళ్ళు, నీలాగే పనికి వచ్చిన నలుగురు ఆడవాళ్ళు అందరూ వింటూండగా నీకు పాఠం చెప్పాను. "చదువుకున్నదానివి, నీకు కూడా ఈ మూఢనమ్మకాలేంటి వసంతా? నేను వేయించుకోలేదూ? నాకేమయింది చెప్పు? రేపు నా కార్లో నేనే తీసుకెళ్తాను పద" అన్నాను. నువ్వు "పెద్దమ్మకు బీపీ గోలి యాది మరవకుండ్రి" అని చెప్పి వెనక్కి తిరిగావు.

అక్కా, నేను వేయించుకోలేదు.

ఈ వాక్యం రాయడానికి నాకు ఐదు నెలలు పట్టింది. నాకు రెండుసార్లు కడుపు నిలవలేదని నీకు తెలుసు. రెండోసారి ఆ దుప్పట్లు ఉతికింది నువ్వే. మూడో ప్రయత్నంగా పోయిన ఏడాది మళ్ళీ ఇంజెక్షన్లు, స్కానింగులు మొదలుపెట్టాం. టీకా వేయించుకుంటే ఇక పిల్లలు పుట్టరని ఎవరెవరో పంపే మెసేజులు చదివేదాన్ని. డాక్టరమ్మ అలాంటిదేమీ లేదు, వేయించుకోమనే చెప్పింది. రోజంతా కంప్యూటర్లతో పనిచేసే మనిషిని, ఊరూపేరూ లేని మెసేజును నమ్మి డాక్టరు మాట పక్కన పెట్టాను. కానీ మా ఆఫీసులో సర్టిఫికెట్ అడిగారు. మా టీములో ఒకతను తనకు తెలిసిన మనిషి ఉన్నాడన్నాడు. ఆధార్ నంబరు ఇచ్చాను. సూది లేకుండానే రెండు డోసులూ పడ్డట్టు ఫోనుకు మెసేజు వచ్చింది. దినేష్‌కు కూడా చెప్పలేదు. నిన్ను మూఢురాలివన్న నోటితో అబద్ధం చెప్పింది నేను.

నీ చోట ఏజెన్సీ నుంచి సరిత అనే అమ్మాయి వచ్చింది. పాపం నెమ్మదైనదే. కానీ అత్తయ్య ఆమె చేతి ముద్దకు నోరు తెరవలేదు. "వసంత యాడికి పాయనే?" అని పొద్దున అడిగేది, సాయంత్రం అడిగేది. ఊరికి వెళ్ళిందని చెప్పాను. ఆ శుక్రవారం మా మేనేజరు వీడ్కోలు విందు గచ్చిబౌలిలో. హోటల్ తలుపు దగ్గర సర్టిఫికెట్ అడిగారు. ఫోను చూపించి దర్జాగా లోపలికి వెళ్ళాను. నలభై మందిమి, మాస్కులు తీసి, రెండు గంటలు. సోమవారానికి నాకు గొంతు నొప్పి మొదలయింది. చలికి అనుకుని అత్తయ్య గదిలోకి వెళ్ళాను, ఆమె దిండు సర్దాను. బుధవారం ఆమెకు జ్వరం.

ఆమెకు రెండు డోసులూ వేయించాం, అది నీకు తెలుసు. అయినా డెబ్బై ఎనిమిదేళ్ళు, షుగరు, వారం రోజులుగా సరిగా తిండి లేదు. ఆసుపత్రిలో మమ్మల్ని లోపలికి రానివ్వలేదు. ఎనిమిదో రోజు పొద్దున ఫోన్ వచ్చింది. ఆమె చెయ్యి పట్టుకునేవాళ్ళు లేకుండా పోయింది.

ఇంకొకటి కూడా చెప్పాలి. జ్వరం రావడానికి ముందు రెండు మూడు రోజులు ఆమె నీ గురించి అడగడం మానేసింది. "వసంత వొచ్చిపాయ గదమ్మే. సంగటి బెట్టిపాయ" అనేది, నవ్వుతూ. మతి తప్పుతోందని నాకు భయమేసింది. "ఎవరూ రాలేదు అత్తయ్యా, ఊరుకోండి" అని కసిరాను. నేను ఆమెతో మాట్లాడిన చివరి మాటల్లో అదొకటి.

రోగం సరితే తెచ్చిందని దినేష్ ఏజెన్సీకి రాశాడు. ఆమెను పనిలోంచి తీసేశారు. అప్పుడు కూడా నేను నోరు విప్పలేదు. మార్చిలో మా మూడో ప్రయత్నమూ పోయింది. ఆ తర్వాత టీకా వేయించుకున్నాను. ఎందుకో తెలియదు, ఆ సూది పడుతున్నంతసేపూ ఏడ్చాను. నర్సు నొప్పి అనుకుంది. పోయిన సోమవారం దినేష్‌కు అంతా చెప్పాను. ఆరు రోజులుగా ఆయన నాతో మాట్లాడటం లేదు. ఏజెన్సీకి మాత్రం సరిత తప్పేమీ లేదని నా పేరుతో ఉత్తరం పంపాను.

నిన్ను మళ్ళీ పనికి రమ్మని అడగడానికి ఇది రాయలేదు. క్షమించమని కూడా కాదు. నీ ముద్దకు తప్ప నోరు తెరవని మనిషికి నిన్ను దూరం చేసి, ఆ రోగం నా చేతులతోనే ఇచ్చాను. ఆ మాట నీకు చెప్పకుండా బతకడం నావల్ల కావడం లేదు.

నీ
శ్రావణి


మదీనాగూడ,
26 జూన్ 2022.

శ్రావణమ్మకు వసంత రాస్తున్న సంగతులు.

మీ ఉత్తరం ఓదెలన్న తెచ్చి ఇచ్చి పది రోజులయింది. జవాబు రాయాలని రోజూ కూర్చుంటున్నాను, రోజూ లేస్తున్నాను. పదో తరగతి పరీక్షల తర్వాత ఇంత పొడుగు రాయడం ఇదే. తప్పులుంటే సర్దుకుని చదవండి.

మీరు మీ మాట చెప్పారు కాబట్టి నేనూ నాది దాచను. నేను రెండు సూదులూ వేయించుకున్నాను. మొదటిది పోయిన ఏడాది జూలైలో, రెండోది అక్టోబరులో, మా బస్తీ దవాఖానలో. పొద్దున ఆరింటికి లైనులో నిలబడితే పదకొండింటికి నా వంతు వచ్చింది. మా వదిన నా కళ్ళ ముందే ఊపిరాడక పోయింది శ్రావణమ్మా, సూది అంటే నాకెందుకు భయం ఉంటుంది? సర్టిఫికెట్ నా బిడ్డ నా ఫోనులోకే ఎక్కించి పెట్టింది. ఆ సోమవారం గేటు దగ్గర నిలబడినప్పుడు అది నా చేతిలోనే ఉంది.

చూపిద్దామనే వచ్చాను. నాకన్నా ముందు ఒక కారు వచ్చింది. అద్దం కూడా దించలేదు. ఓదెలన్న సెల్యూట్ కొట్టి గేటు కర్ర పైకి లేపాడు. "వాళ్ళకు కాయిదం అడగవా అన్నా?" అన్నాను. "వాళ్ళు ఓనర్ల సుట్టాలు వసంతా, వాళ్ళనేం అడుగుత? జర నీది తియ్యి, లేటయితుంది" అన్నాడు. ఆయన తప్పు కాదు. మొదటి కరోనాలో అదే గేటు దగ్గర మా కాళ్ళ మీద, చేతుల మీద మందు కొట్టేవారు. లిఫ్టు వేరే పెట్టారు. సాయంత్రం పోయేటప్పుడు సంచి విప్పి చూసేవారు. అన్నిటికీ ఊకున్నాను. ఆ రోజు మాత్రం ఫోను తియ్యడానికి చెయ్యి లేవలేదు.

మీరు దిగి వస్తుంటే చూసి, హమ్మయ్య అనుకున్నాను. మీరు వచ్చి, ఈమె ఆరేళ్ళుగా మా ఇంటి మనిషి అని ఒక్క మాట అంటే చాలనుకున్నాను. ఆ మాట వినపడితే ఫోను తీసి చూపించేసేదాన్ని. మీరు మూఢనమ్మకం అన్నారు. అందరూ నా దిక్కు చూశారు. అప్పుడిక నా వేలు విరిచినా చూపించేదాన్ని కాదు.

ఇంటికి పోయాక నా కోపం నాకే చేదయింది. పౌరుషం నాదీ, పస్తు పెద్దమ్మదీ. నా ఫోనులో ఉన్న కాగితం ఒక్కసారి చూపిస్తే ఆమె కడుపు నిండేది. మీరు మీ తప్పు ఐదు నెలలు మోశానని రాశారు. ఇది నేనూ మోస్తున్నాను.

ఇప్పుడు అసలు మాట. పెద్దమ్మకు మతి తప్పలేదు. నేను వచ్చాను.

ఆ శనివారం మధ్యాహ్నం మీరిద్దరూ దవాఖానకు పోయారని ఓదెలన్న ఫోను చేశాడు. "ముసలామె ఏం తింటలేదంట వసంతా. ఆ పిల్ల పరేషాన్ అయితుంది. నేను కింద సెల్లారు దిక్కు ఉంట, జల్ది వచ్చి పో" అన్నాడు. ఆయన ఉద్యోగం పోయే పని అది. తలుపు సరిత తీసింది. నన్ను చూడగానే పెద్దమ్మ, "ఏమ్మే, యాడికి పోయింటివి ఇన్నాళ్ళు? నన్ను యిడిచిపెడితివేమో అనుకొంటి" అని బాగున్న చెయ్యి చాపింది. రాగిసంగటి పెరుగులో మెత్తగా కలిపి పెట్టాను. గిన్నెడు తిన్నది. తల దువ్వి జడ వేశాను. మాస్కులో నా ముఖం కనపడటం లేదని, తియ్యమని ఒకటే గోల. తీశాను శ్రావణమ్మా. ఆమె నా చెంపలు తడుముతుంటే ఆమె ముఖం దగ్గర ముఖం పెట్టి కూర్చున్నాను. గంట ఉన్నాను.

ఆదివారం నాకు ఒళ్ళు నొప్పులు. సోమవారం జ్వరం. నాతోపాటు నా బిడ్డకు. ఇద్దరికీ అదేనని దవాఖానలో తేలింది.

మీరు మీ చేతులతో ఇచ్చానని రాశారు. నేను నా చేతులతో ఇచ్చానని ఇన్నాళ్ళు అనుకుంటున్నాను. మీ ఉత్తరం చదివాక శుక్రవారం, శనివారం, సోమవారం అని వేళ్ళ మీద ఎన్నిసార్లు లెక్కపెట్టానో. తేలలేదు. మీరు లెక్కపెట్టకండి, మీకూ తేలదు. సూది వేయించుకున్న నేనూ, వేయించుకోని మీరూ ఆమె దగ్గరికి ప్రేమతోనే పోయాం. సూది మంచిదే. నేను దవాఖానలో చేరకుండానే లేచానంటే దానివల్లే అని మా డాక్టరు సారు అన్నాడు. మీరు దొంగ కాగితం తీసుకోవడం తప్పే, అది తప్పు కాదని నేను రాయను. కానీ పెద్దమ్మ చావు మొత్తం మీ ఒక్కరి నెత్తిన వేసుకోకండి. అది చదివి నేను నోరు మూసుకుని కూర్చుంటే నాకన్నా పాపిష్టిది ఇంకొకతె ఉండదు. అందుకే రాశాను.

దినేష్ సారుకు ఈ ఉత్తరం చూపించాలనిపిస్తే చూపించండి. ఓదెలన్న పేరు ఉన్నచోట మాత్రం కొట్టేయండి. ఆయన ఇద్దరు ఆడపిల్లల తండ్రి. సరిత గురించి ఫికర్ పడకండి, ఇప్పుడు నేను చేసే దగ్గరే, ఒక పెద్దాయన ఇంట్లో, ఆమె సాయంత్రం చేస్తోంది, నేను పొద్దున చేస్తున్నాను.

ఇప్పుడు మీ గేటు దగ్గర ఎవరినీ ఏమీ అడగడం లేదట. అయినా నేను రాలేను. ఆ లిఫ్టు ఎక్కి, ఆ తలుపు తీసి, ఖాళీ మంచం చూడలేను. మీరే ఒకసారి మా ఇంటికి రండి. మదీనాగూడ మెయిన్ రోడ్డు మీద దిగి, మా బిడ్డకు ఫోను చేస్తే ఎదురొచ్చి తీసుకొస్తుంది. ఆదివారాలు నేను ఇంట్లోనే ఉంటాను.

పెద్దమ్మ పోయిందని తెలిసిన రోజు, జ్వరం తగ్గినా నీరసంతో పడుకుని ఏడుస్తుంటే, మా గల్లీవాళ్ళు వచ్చి "నీకేమయితదామె?" అని అడిగారు. ఆమె నవ్వు ఎట్లుంటుందో, కోపమొస్తే ఏం తిట్టేదో తెలిసినవాళ్ళు ఈ బస్తీలో ఒక్కరూ లేరు. నా పక్కన కూర్చుని ఏడ్చే మనిషి నాకు దొరకలేదు. మీరు రండి.

వసంత