గుడ్డ కింద చేయి

జనవరి 3, 1955, సోమవారం. ఎమ్మిగనూరు

అక్క ఇంట్లో చివరి రోజు. రేపు ఆదోని బస్సు.

వానలు మొదలైనప్పుడు నన్ను ఈ ఇంటికి తెచ్చి దింపారు. అప్పుడు గోడవైపు తిరిగి పడుకునే మనిషిని. ఇప్పుడు కోడి కూయకముందే లేస్తాను. ఊరి బయటిదాకా నడిచి వస్తాను. రొట్టె అడిగి మరీ తింటాను. బావ మగ్గం మీద కూర్చుంటే పక్కన చేరి కండెలు చుడతాను. మొదట్లో నేను చుట్టిన కండెలో నూలు తెగేది, చిక్కుపడేది. బావ ఏమీ అనేవాడు కాదు, అక్కే తిట్టేది. ఆ తిట్లు నాకు బాగా పనిచేశాయి, వైద్యుడిచ్చిన సీసా మందు కన్నా!

ఈరోజు కూడా అదే పాట. "కడుపు నొస్తే సెప్తావు, కాలు నొస్తే సెప్తావు. మనసు నొస్తే సెప్పేదానికి ఏం సిగ్గురా నీకి?"

సిగ్గు కాదక్కా, వృత్తి. పత్తి దళారి మొహంలో సంతోషం కనపడితే ఒక రకంగా దెబ్బ, దిగులు కనపడితే ఇంకో రకంగా దెబ్బ. ఇన్నేళ్లూ ఏదీ కనపడనివ్వకుండా బతికాను. ఇంట్లో కూడా...

జనవరి 4

ఆదోని. ఇల్లాలు సుభద్ర వాకిట్లోనే నిలబడి ఉంది. పైనుంచి కిందిదాకా చూసి, ఒళ్లు చేశారే అంది. ఆమె ఏడవలేదు. నేనే, కొంచెం.

జనవరి 6

సుభద్రకు ముందే చెప్పి పెట్టాను. పగటి నిద్ర నాకు పడదు, మధ్యాహ్నం కన్నంటుకుందా, సాయంత్రానికి దిగులు వచ్చి గుండెల మీద కూర్చుంటుంది. పడుకోనివ్వద్దు అన్నాను. ఏదో మాటవరసకు అన్నాననుకుంటే ఈ మహాతల్లి నిజంగానే పడుకోనివ్వలేదు. చింతపండు తెచ్చి ముందు కుమ్మరించి గింజలు తీయమంది. పత్తి పోగు లాగి రకం చెప్పే చేతులివి! తీశాను. సాయంత్రం బాగానే గడిచింది.

జనవరి 9, ఆదివారం

కొండ దాకా నడక. మెట్ల దగ్గరే ఆయాసం వచ్చి ఆగిపోయాను. రేపు ఇంకొంచెం పైకి. బీడీలు తగ్గించాను. తగ్గించాను అంటే... సుభద్ర చూడకుండా తాగుతున్నాను. కాగితానికి అబద్ధమెందుకు.

జనవరి 12

అత్తగారు తాయెత్తు పంపారు. కట్టుకున్నాను. బరువేమీ లేదు, ఆమెకు నిద్ర పడుతుంది.

జనవరి 17

లేవలేదు. నడవలేదు. బాగలేదు.

జనవరి 18

నిన్న సాయంత్రం పొయ్యి దగ్గరికి పోయి పీట వేసుకుని కూర్చున్నాను. "నాకు భయంగా ఉంది" అన్నాను. పెళ్లయినప్పటినుంచి ఈ మాట నా నోటి నుంచి రాలేదు. ఆమె రొట్టె తడుతూ, తల ఎత్తకుండా, దేనికి అంది.

చెప్పాను. అంతా.

మా మార్కెట్టులో ధర నోటితో అడగం. తుండుగుడ్డ కప్పి, దాని కింద చేతులు కలుపుతాం. వేలు మొత్తం పట్టుకుంటే రూపాయి, వేలి నడుమ నొక్కితే అర్ధ రూపాయి. చుట్టూ ఎందరు నిలబడినా లోపల ఏం జరిగిందో తెలియదు. చేయి బయటికి వచ్చిందంటే బేరం ఖాయం, వెనక్కి పోవడం ఉండదు. పోయిన ఏడు నందవరం రైతు తిమ్మప్ప పత్తికి నేను కూర్చున్నాను, అవతల మిల్లు తరఫున ఖాదర్‌భాయ్. నా చేయి వణికింది. వేలు మొత్తం పట్టుకోబోయిన పట్టు జారి నడుమకు వచ్చింది. ఖాదర్‌భాయ్ అర్ధ అనుకుని చేయి తీసేశాడు. అయిపోయింది. తిమ్మప్ప నష్టపోయాడు. ఒక్క మాట అనలేదు, తర్వాతి బండిని మాత్రం వేరే దళారి దగ్గరికి తోలాడు.

చేయి ఎందుకు వణికిందో నాకు ఈనాటికీ తెలియదు. మర్నాటినుంచి తుండుగుడ్డ చూస్తే చెమట. తర్వాత మార్కెట్టు దారి చూస్తేనే చెమట. తర్వాత గోడ.

సుభద్ర అంతా విని, "ఇది సెప్పేదానికి ఇన్ని నెల్లు పట్టిందా మీకి?" అంది. రొట్టె మాడిపోయింది. ఇద్దరం ఆ మాడిన రొట్టే తిన్నాం. కడుపునిండా తిన్నాను.

జనవరి 19

కొండకు పోయాను. సగం దాకా ఎక్కాను.

జనవరి 25

సుభద్రతో గుడ్డ కింద బేరం! ఆమె ఆలోచనే. ఆమె చీర కొంగు కిందే చేతులు కలిపి వంకాయల బుట్టకు ధర కట్టాం. మొదట చేయి తడబడింది. తర్వాత ఆట మీద పడి భయం మాట మరిచిపోయాను. ఈ మనిషి పైసా దిగదు, మార్కెట్టులో కూర్చోబెడితే మా అందరి పొట్టా కొడుతుంది. ఇద్దరం పడీ పడీ నవ్వాం. పక్కింటివాళ్లు ఏమనుకున్నారో ఏమో... అనుకోనీ.

ఫిబ్రవరి 3

కొత్త పత్తి దిగుతోంది. తిమ్మప్ప ఇంటికే వచ్చాడు. మంచినీళ్లు తాగి కూర్చుని, ఈ ఏడు తొలి బండి నా దగ్గరికే తెస్తానన్నాడు. మళ్లీ జారితే ఏం చేస్తావు అని అడిగేశాను.

"జారితే జారనీప్పా. ఆ పొద్దు నువ్వు ఏమీ సెప్పలే, దానికి కోపమొచ్చె నాకి. వేలు జారిందప్పా అని ఒక మాట అనింటే అయిపోయేది."

ఇంతేనా! ఇంతదానికా నేను గోడను చూస్తూ పడుకున్నది. అతను పోయాక నామీద నాకే కోపం వచ్చింది. తర్వాత ఆకలి వేసింది.

ఫిబ్రవరి 13

రేపే తిమ్మప్ప బండి. ఒంటికి నూనె పట్టించుకుని వేడినీళ్లు పోసుకున్నాను. పెందలాడే తిన్నాను. భయంగా ఉంది, సుభద్రకు చెప్పాను, ఆమె సరే అంది. రేపు కూర్చుంటాను. వణికితే వణకనీ.

ఫిబ్రవరి 14, సోమవారం

కూర్చున్నాను!

ఎదురుగా ఖాదర్‌భాయ్. ఎప్పటిలాగే కిళ్లీ బుగ్గన పెట్టుకుని అందరినీ ఆటపట్టిస్తున్నాడు. గుడ్డ కప్పాం. నా చేయి కొంచెం అదిరింది, ఊపిరి నిదానంగా తీసుకున్నాను, కుదుటపడింది. అయినా గుడ్డ కింద వణుకు ఆగలేదు. కాసేపటికి గాని అర్థం కాలేదు, ఆ వణుకు నాది కాదు. ఖాదర్‌భాయ్ అరచెయ్యి చెమటతో తడిసిపోయి ఉంది. మొహంలో మాత్రం అదే నవ్వు.

నా వేలు పట్టుకోబోతే ఆయన పట్టు జారింది. అది జారడమో బేరమో నాకు తెలిసినంతగా ఇంకెవరికి తెలుస్తుంది? చేయి తీయలేదు. ఆగాను. ఆయన మళ్లీ సరిగ్గా పట్టుకునేదాకా ఆగాను.

ధర న్యాయంగానే కుదిరింది. తిమ్మప్ప సంతోషంగా పోయాడు. ఇంటికొచ్చి సుభద్రకు చెబుతుంటే నా గొంతు నాకే పెద్దగా వినపడింది.

ఫిబ్రవరి 15

టీ అంగట్లో ఖాదర్‌భాయ్ పక్కన కూర్చున్నాను. ఎవరూ లేరని చూసుకుని, చేయి వణుకుతోందే భాయ్ అన్నాను. చలికప్పా అన్నాడు. మిట్టమధ్యాహ్నం, నెత్తిన ఎండ. నాకూ అట్లాగే అయిందనీ, నేనేం చేసి లేచి కూర్చున్నానో చెప్పబోయాను. మొహం మారిపోయింది.

"గుడ్డ కింద మాట గుడ్డ కిందనే ఉండాల. నువ్వు దళారివేనా?"

టీ వదిలేసి పోయాడు. మా దళారుల్లో ఈ కట్టుబాటు ఎవరూ తప్పలేదు, నిజమే. నేను తప్పాను. తప్పినందుకు బాధ లేదు. ఆయన అట్లా లేచిపోయినందుకే బాధ.

ఫిబ్రవరి 16

నడిచాను. తిన్నాను. రెండు బండ్లు అమ్మాను. ఖాదర్‌భాయ్ మార్కెట్టుకు రాలేదు.

ఫిబ్రవరి 18, శుక్రవారం

ఈరోజూ రాలేదు. మిల్లువాళ్లు వేరే మనిషిని పంపారు. ఏమైందని అడిగితే జ్వరమట, ఇంట్లోవాళ్లు చెప్పి పంపారట. నమాజుకు కూడా పోలేదట.

పోయిన ఏడు నేను మొదట మార్కెట్టు మానేసినప్పుడు సుభద్ర చేత అందరికీ జ్వరమనే చెప్పించాను.

ఆ మాట సుభద్రతో అన్నాను, చూసొస్తానన్నాను. వాళ్లింటికి పోతే తిడతాడేమో అంది. తిట్టనీ. ఇది ఇక్కడ ఆపి పోతున్నాను. తలుపు తీయకపోతే ఆయన అరుగు మీదే కూర్చుంటాను...