లిస్టులో కొట్టేసిన పేరు

ఆదివారం, నరసరావుపేట

ఈవెంట్ ప్లానర్‌గా నా మొదటి ఫంక్షన్ ఇవాళే, హారిక ఓణీలు. డెకరేషన్ చానా బాగుందన్నారు. నాకే తలెత్తబుద్ధి కావట్లేదు.

హారిక వాళ్ళమ్మకి భర్త లేడు. చుట్టాలు ఏమన్నా అంటారేమోనని స్టేజీ మీదికి పిలిచే లిస్టులో ఆమె పేరు నేనే కొట్టేశా. కొట్టెయ్యమని ఎవరూ చెప్పలేదు. అక్షింతలప్పుడు హారిక తాతయ్య మైకులోనే అరిచాడు. "మా కోడలేదమ్మాయ్? ఎవరు రావద్దంది?"

వెనక కుర్చీలోంచి ఆమే లేచింది. "ఎవరూ అనలేదు మామయ్యా, నేనే రాలేదు" అంది. నావైపు మాత్రం చూడలేదు.

ఆ పేరు కొట్టేసేటప్పుడు మా అమ్మ నా పక్కనే కూర్చుని ఈ ఫంక్షన్‌కే పూలు కడుతోంది. నాన్న పోయాక మా చుట్టాలు అమ్మని కూడా అక్షింతలకి పిలవటం మానేశారు. అప్పుడు వాళ్ళని నోటికొచ్చినట్టు తిట్టింది నేనే.