సుబేదారు గారికి ఫోనులో వచ్చిన పరమవీర చక్ర

బావా,

ఆదివారం. పొద్దున్నుంచి ముసురు. వంటింటి పెంకులు సర్ది, కారుతున్న చోట రేకు ముక్క దూర్చాను. బాగున్నావా అని అడగడం అలవాటు కొద్దీ... నువ్వు వెళ్ళి ఏడాది దాటి వారం అయింది.

ఒక వార్త ఉంది. నీకు పరమవీర చక్ర వచ్చింది.

లేవకు. కూర్చో. ఆ పేరు వింటే నువ్వు ఆగలేవని నాకు తెలుసు. "ఆ పేరు కూకొని ఎత్తకూడదు బామ్మర్దీ. జనరలైనా సరే, ఆ మెడలున్నోడికి ముందు తనే సెల్యూట్ కొట్టాల" అని, తింటున్న కంచం చేత్తో పట్టుకుని మరీ నిలబడేవాడివి. పులుసు ఎన్నిసార్లు నా చొక్కా మీద ఒలికిందో. ఈసారి లేవక్కర్లేదు. వచ్చింది ఫోనులో.

మొదటి నుంచి చెప్తాను. రోజూ చేసిన పనులు పద్దులా రాసుకునే వాడికి వరసగా చెప్పడం తప్ప ఇంకేం వస్తుంది?

నీ కూతురు రోజీ రాయగడ ఆసుపత్రిలోనే నర్సు. అది నీకు తెలుసు. తెలియనిది, డ్యూటీ దిగి వచ్చాక ఫోనులో యుద్ధం ఆట ఆడుతుంది. బోలెడు మందిని విమానంలోంచి ఒక దీవి మీదికి దూకిస్తారు. ఒకరినొకరు కాల్చుకోవాలి. చివరికి మిగిలిన జట్టు గెలిచినట్టు. దీని జట్టులో లక్ష్మీపూర్ కుర్రాడొకడు, కుందురలో ఎరువుల కొట్టు నడిపే అతనొకడు, తెరుబలి ఫ్యాక్టరీలో షిఫ్టులు చేసే మనిషొకడు. ఎవరి ముఖం ఎవరూ చూడలేదు. గొంతులే. ఆటలో తలా ఒక పేరు పెట్టుకోవాలి. ఒకడు పులి, ఒకడు యముడు, ఒకడు నాగుపాము. మన పిల్ల పెట్టుకున్న పేరు సుబేదార్ ప్రకాశం.

ఎందుకు నీ పేరు పెట్టుకుంది? నేను అడగలేదు. నేను ఏదీ అడగననే కదా నీ ఫిర్యాదు.

ఈ మధ్య ఆ ఆట నడిపే వాళ్ళకి ఒక ఆలోచన వచ్చింది. ఉత్త బంగారు నక్షత్రాలకి జనం మోజు తీరిపోయింది కాబోలు, మన సైన్యం మెడళ్ళే ఇవ్వడం మొదలుపెట్టారు. కొంతమందిని కాలిస్తే సేనా మెడల్. ఇంకాస్త మందిని కాలిస్తే వీర చక్ర. ఒక సాయంత్రం సుబేదార్ ప్రకాశం దీవిలో చివరిదాకా మిగిలాడు. కొందరిని తుపాకితో, ఒకణ్ణి జీపుతో గుద్ది, ఒకణ్ణి పెనంతో కొట్టి... అవును బావా, అట్లు పోసే పెనమే. అందుకు పరమవీర చక్ర.

చర్చిలో పాటలకి కీబోర్డు వాయించే కుర్రాడు, అతనూ ఆ ఆట ఆడేవాడే, ఆటవాళ్ళు వేసిన మెడలు బొమ్మ చూసి, మెచ్చుకోలుగా యువజన గ్రూపులో పెట్టాడు. అక్కణ్ణుంచి అది పెద్దల గ్రూపులోకి పాకింది. జెండా రంగులు, మధ్యలో మెడలు, కింద ఇంగ్లీషులో నీ పేరు. పాస్టరు గారు అక్కకి ఫోను చేసి స్తోత్రం చెప్పారు. రోజీ ఏదో ట్రైనింగని కోరాపుట్ వెళ్ళింది. అక్క ఫోను నా చేతిలో పెట్టి చదవమంది. చదివాను. పేరు నీదే. మెడలు అదే. ఆ కింద చిన్న అక్షరాల్లో, దీంతో పాటు పారాచూటు ఒకటి ఉచితం అని ఉంది.

నాకు అక్కడే అనుమానం వచ్చింది. నడిచి తిరిగే పటాలం వాడికి పారాచూటు ఎందుకు? అక్కనే అడిగాను.

"పరలోకం ఎలిపోనోడికి పేరాసూటు కాక పెసరపప్పు ఇస్తారేటిరా?" అంది.

ఫోను తిరిగి అక్క చేతిలో పెట్టాను.

ఆ ఆదివారం చర్చిలో, దేవుడు చేసిన మేలు లేచి చెప్పే సాక్ష్యాల వేళ అక్క లేచింది. నువ్వు బతికుండగా జ్వరం తగ్గితే తప్ప సాక్ష్యానికి లేవని మనిషి. "నా పెనిమిటికి బతికున్నప్పుడు సిన్న మెడలిచ్చేరు. దేవుడు మరిసిపోనేదు. సచ్చేక పెద్దది ఇప్పించేడు" అంది. ఆమేన్ అని హాలు మోగిపోయింది. ఆడవాళ్ళు కళ్ళు తుడుచుకున్నారు. తరవాత అందరికీ లడ్డూలు.

కోరాపుట్ నుంచి నీ పాత స్నేహితుడు, ఆ బక్క హవల్దారు, ఇస్త్రీ కోటు వేసుకుని బస్సులో దిగాడు. నీ ఫోటో ముందు మడమలు కొట్టి సెల్యూట్ పెట్టాడు. చేయి దించడు. ఏమిటంటే, పెద్ద మెడలున్నవాడు తిరిగి సెల్యూట్ చేసేదాకా దించకూడదని తన నియమమట. నువ్వేమో ఫోటోలో నవ్వుతూ కూర్చున్నావు. ఎంతసేపు నిలబడేవాడో... అక్క టీ గ్లాసు ఎదురు పెడితే, పట్టుకోవడానికి దించాడు.

రోజీ ఆ సాయంత్రం దిగింది. లడ్డూ నోట్లో పెట్టుకుని దేనికని అడిగింది. విని, పడీ పడీ నవ్వింది. నవ్వుతూనే వాళ్ళమ్మ ముఖం చూసింది.

"అమ్మా... అది ఆట."

అక్క అరవలేదు. అరిస్తే బాగుండేది. "ఆయన నిలబడి అనే పేరు. పెనంతో కొట్టి తెచ్చినావేటే అమ్మీ?" అంది. అంతే. ఆ తరవాత కూతురితో మాట మానేసింది.

క్రేన్ మీద ఎత్తున ఒంటరిగా కూర్చుని ఉద్యోగం వెళ్ళదీసిన వాణ్ణి బావా. మాట్లాడే పని ఉండదనే ఆ పని నాకు నచ్చింది. రిటైరై ఇక్కడికి వస్తే, తల్లీకూతుళ్ళు కలిసి నన్ను టెలిఫోను చేశారు. ఇద్దరూ వంటింట్లోనే ఉంటారు. నేను పెరట్లో ఉంటే లోపలికి పిలుస్తారు. "నీ మేనకోడలికి సెప్పు, ఉప్మా సల్లారిపోతందని." "మామయ్యా, అమ్మకి చెప్పు, తినేశానని." మధ్యలో నేను నిలబడి ఇటు తిరిగి ఒకటి, అటు తిరిగి ఒకటి. ఒకసారి పొరపాటున రోజీ మాట రోజీకే చెప్పాను.

అక్క పెట్టిన షరతు ఒకటే. ఆ మెడలు ఇచ్చినవాళ్ళకే తిప్పి ఇచ్చేయాలి. రోజీ ఆటవాళ్ళకి ఇంగ్లీషులో రాసింది. నిమిషంలో జవాబు వచ్చింది. మీరు మా ఆటని ఇంతగా ప్రేమిస్తున్నందుకు ధన్యవాదాలు, కానుకగా ఇంకో పారాచూటు పంపుతున్నాం అని.

వచ్చిన మెడలు తీసేసే దారి లేదట. పోవాలంటే పేరుతో సహా మొత్తం తుడిచేయాలి. తుడిచాక ఆ పేరు మళ్ళీ రాదు.

"తుడిసీమని సెప్పు" అంది అక్క.

రోజీ నా వైపు తిరిగింది. "అమ్మకి చెప్పు మామయ్యా. నాన్న పోయాక ఈ ఇంట్లో ఎవరైనా ఆ పేరు పెట్టి పిలిచారా? అక్కడ రోజూ పిలుస్తారు."

ఉప్మా మాటలు మోశాను గానీ, ఈ మాట నా వల్ల కాలేదు. అక్క వైపు తిరిగి నిలబడ్డాను. అక్క అక్కడే ఉంది కాబట్టి వినే ఉంటుంది. వినిందా? చెప్పలేను. బియ్యం చెరుగుతూనే ఉంది.

చర్చిలో నీ ఏడాది జ్ఞాపకార్థ కూడిక దాకా ఆగమని రోజీ గడువు అడిగింది.

పోయిన వారం కూడిక జరిగింది. అక్క ముందే పాస్టరు గారి దగ్గరికి వెళ్ళి, ఇచ్చిన సాక్ష్యం వెనక్కి తీసుకుంటానంది. ఆయన తల గోక్కున్నారు. "అమ్మా, సాక్ష్యం ఇవ్వడమే గానీ ఎనక్కి తీసుకోడం మన సంఘంలో ఎప్పుడూ నేదు" అన్నారు.

"నేకపోతే ఇయాల పెట్టండి" అంది.

పెట్టారు. అక్క లేచింది. కొంగు సర్దుకుంది. మాట మాటా రాస్తున్నాను, నువ్వు వినాలని.

"ఆయనకి పెద్ద మెడలు రానేదు. అది పిల్లలాట. నాను తెలక సెప్పేను. ఆయనకొచ్చింది సిన్నదే. అది దేనికొచ్చిందో ఎప్పుడూ సెప్పనేదు, ఇప్పుడు సెప్తాను. మంచులో ఇద్దరు లోయలోకి జారిపోనారు. ముగ్గుర్నీ కట్టిన తాడు ఈయన నడుముకుంది. బోర్లా పడుకుండిపోయేడు. సాయమొచ్చేదాకా పొద్దల్లా కదలనేదు. ఒకణ్ణీ సంపనేదు. ఇద్దర్ని పడనియ్యనేదు. అంతే."

కూర్చోబోయి మళ్ళీ లేచి, "లడ్డూలు మాత్రం ఎనక్కి అడగను" అంది.

చర్చి అంతా నవ్వింది. హవల్దారు వెనక వరసలోంచి, "నా సెల్యూట్ కూడా ఎనక్కొద్దమ్మా, సిన్న మెడలుకే ఉంచీండి" అన్నాడు.

నేను నవ్వలేదు. "పడుకున్నందుకు మెడలిచ్చేరు బామ్మర్దీ, ఆ లెక్కన నువ్వయితే జనరల్ అయిపోదువు" అని నువ్వు ఎన్నిసార్లు అన్నావో. ఆదివారం మధ్యాహ్నం నా నిద్ర మీద వేళాకోళం అనుకునేవాణ్ణి. నడుము నొప్పికి నా చేతే నూనె రాయించుకున్నావు. తాడు ఒరుసుకున్న గుర్తు చూసి బెల్టు బిగుతేమో అన్నాను. నవ్వి ఊరుకున్నావు. ఒక్కసారి చెప్తే ఏం పోయేది బావా?

ఇక ఇవాళ.

టీ తాగాక రోజీ ఫోను పట్టుకుని వరండాలోకి వచ్చింది. వాళ్ళమ్మ పక్కన చాప మీద కూర్చుంది. తుడిచేసే పేజీ తెరిచి తల్లికి కనపడేలా పట్టుకుంది. ఎర్ర గడి. దాని మీద వేలు పెడితే చాలు. నేను గుమ్మంలో నిలబడ్డాను, అటూ ఇటూ మోయాల్సిన మాట ఏమైనా వస్తుందేమోనని.

ఈలోగా ఫోనులోంచి గొంతు వచ్చింది. ఒరియాలో. సుబేదార్ బాబూ, ఎక్కడున్నారు, ఇన్నాళ్ళూ కనపడలేదే అని. ఇంకో గొంతు హిందీలో కలిసింది. మూడోది నవ్వుతూ, బాబు వస్తేనే దూకుతాం, విమానం ఎంతసేపు తిరిగినా సరే అంది. ముగ్గురూ ఒకేసారి పిలుస్తున్నారు, సుబేదార్ సాబ్, సుబేదార్ సాబ్ అని.

అక్క ఫోను వైపు చూసింది. అందులో నీ పేరు కింద ఆటబొమ్మగా నువ్వు ఒక్కడివే నిలబడి ఉన్నావు. మీసం లేదు. నడుము నిటారుగా ఉంది.

"ఎవులే వీలంతా?"

"జట్టువాళ్ళమ్మా. నాన్న కోసం ఆగారు."

గొంతులు పిలుస్తూనే ఉన్నాయి. అక్క చాలాసేపు వింది. తరవాత రోజీ వేలు పట్టుకుని ఆ ఎర్ర గడి మీద నుంచి పక్కకి జరిపింది.

"వస్తన్నాడని సెప్పు" అంది. "ఆ మెడలు ఆయనది కాదని కూడా సెప్పు. ముందు అది సెప్పి, అప్పుడు దూకు."

రోజీ చెప్పింది. మరి ఆయనకి వచ్చింది ఏది అని కుందుర అతను అడిగాడు. అక్క ఫోను తన ఒళ్ళోకి లాక్కుంది.

నన్ను ఎవరూ పిలవలేదు. నా ఉద్యోగం పోయింది బావా.

అలాంటి పేర్లు పెనాలకీ జీపులకీ ఇవ్వొద్దని ఆ ఆటవాళ్ళకి ఎవరు చెప్తారు? నేను రాస్తే మూడో పారాచూటు పంపుతారేమో. అయినా రాస్తాను, నీకు మాటిస్తున్నాను. నిలబడే రాస్తాను.

ముసురు కాస్త తెరిపి ఇచ్చింది. ఇవాళ్టి పనుల్లో పెంకులు రాశాను, రేకు రాశాను. పెరటి తలుపు గడియ ఊడింది, చీకటి పడకముందే మేకు కొట్టి రావాలి. ఉంటాను బావా.