సైకిల్ దారిలో వడ్లు

బాపూ,

నిన్న నీ ఏడాది మాసికం చేశాం. వచ్చిన చుట్టాలంతా పోయాక నీకు ఒక్క మాట చెప్పాలనిపించింది. హుజూరాబాద్ రోడ్డు పక్కన సైకిళ్లకూ నడిచేవాళ్లకూ వేరే దారి వేశారు. "కారు లేనోడు ఎటు నడువాలె సారూ?" అని నువ్వు ప్రతి గ్రామసభలో లేచి అడిగిన దారే. మన ఊరి నుంచి బడి దాకా, సిమెంటుతో నున్నగా ఉంది.

యాసంగి కోతలు మొదలు కాగానే ఊరు ఊరంతా దాని మీదే వడ్లు ఆరబోసింది. అందరికంటే ముందు పోసింది నన్ను కన్న అవ్వే.

నాకు ఒళ్లు మండింది. "బాపు రోడ్డు మీద ఎవలయో వడ్లు తప్పియ్యబోయే గద లారీ కింద పడ్డడు? యాదికి లేదా?" అన్నాను.

అవ్వ తలెత్తలేదు. "యాదికి లేకేంది బిడ్డా. మొగులు వట్టింది. తడిసిన వడ్లు ఎవలు కొంటరు? ఆరబోయ ఇంకో జాగేది?"

అప్పుడు చూశాను. మన వడ్ల పక్కన సైకిల్ పట్టేంత దారి వదిలింది. బండ్లు వడ్లు తొక్కకుండా అందరూ పెట్టే రాళ్లు కూడా అంచుకు పెట్టలేదు. ఇంకెవరూ అలా వదల్లేదు.

పొద్దున ఒంటిపూట బడి పిల్లలు మన వడ్ల పక్క నుంచి నవ్వుకుంటూ వస్తారు. అవి దాటగానే దారి ఉండదు. సైకిళ్లను రోడ్డెక్కిస్తారు. వెనక లారీ హారన్ మోగుతుంది. అవ్వ కాళ్లతో వడ్లు కలపడం ఆపి, ఆఖరి పిల్ల మలుపు తిరిగేదాకా అటే చూస్తూ నిలబడుతుంది.