ఉప్పుకు రాని బిడ్డ

మైపాడు,
ఆగస్టు 1963

చెల్లెలు మగ్దలీనమ్మకు,

తట్టినా నువ్వు తలుపు తీయడం లేదు గనుక ఈ కాగితాన్ని తలుపు కింది సందులోంచి లోపలికి వేస్తున్నాను. చదవకుండా చింపేయకు.

"కోపమొస్తే నా చెయ్యి నా మాట వినదక్కా, బిడ్డనేం చేస్తానో అని భయంగా ఉండాది" అని నువ్వు నా ఒక్కదానితోనే చెప్పుకున్నావు. అలాంటప్పుడు నీ కూతురు నవోమి చేతికి ఉప్పుగిన్నె ఇచ్చి, ఉప్పు అడిగే వంకతో మా ఇంటికి పంపమన్నాను. నువ్వు పంపావు. నీ మనసు కుదుటపడేదాకా దాన్ని నా దగ్గరే ఉంచుకునేదాన్ని. స్త్రీల సమాజం తరఫున పిల్లల తల్లులకు సాయంగా ఇల్లిల్లూ తిరిగి నేను చేసిన మంచిపని అదొక్కటే.

దాన్నీ చెడగొట్టాను. ఆదివారం కూటంలో కళ్లు మూసుకుని, నీ పేరు పెట్టి, "బిడ్డ మీద లేచే ఈ తల్లి చేతిని ఆపు ప్రభువా" అని గట్టిగా ప్రార్థించాను. అందరూ ఆమెన్ అన్నారు. కళ్లు తెరిచేసరికి నువ్వు లేవు. ఎంత బాగా ప్రార్థించావని మెచ్చుకున్నారు. ఆ మెప్పు నాకు తియ్యగానే ఉండింది. ఈ మాట రాయడానికి సిగ్గుగా ఉంది.

ఇప్పుడు బావి దగ్గర, వలల దగ్గర నీ మాటే. నవోమి ఉప్పుకు రావడం లేదు. నిన్న దాని ఏడుపు మా వాకిట్లోకి వినిపించింది.

నా మీది కోపం నా మీదే చూపించు. గిన్నె ఇచ్చి బిడ్డను పంపించు. నేనేమీ అడగను. ఇకమీదట నీకోసం ప్రార్థించినా పెదవులు కదపను.

మీ ఎదురింటి అక్క