చీటీ మీద గీసిన గీత

నర్సీపట్నం,
బుధవారం

ప్రియమైన సోమలమ్మ పిన్నికి,

మా సెల్ షాపులో ఇచ్చి వెళ్లిన నీ ఫోనుకు కొత్త అద్దం వేశాను. వెంటనే పంపడం లేదు, కోపగించకు. అందరిలాగే నువ్వూ ఫోను వెనక చీటీ అంటించావుగా, అందులో గీసిన లాక్ ప్యాటర్న్ గీత చూసి తెరిచాను. 'డయాగ్నస్టిక్ డేటా పంపడానికి అంగీకరిస్తున్నాను' అని టిక్కు పెట్టి ఉంది! నువ్వు ఏ యాప్ ఎప్పుడు తెరిచావో అంతా కంపెనీకి పోతోంది. ఎవరిచ్చారు వాళ్లకీ హక్కు? ఆదివారం లైబ్రరీలో సభ. కరపత్రాలు నేనే రాశాను. నీ ఫోనే సాక్ష్యం! మెసేజీలను నమ్మను, ఆటో జోగులు చేతికి ఉత్తరమివ్వు.

నీ ధర్మతేజ


ఎస్. రాయవరం,
శుక్రవారం

బంగారు తండ్రి ధర్మాకి,

ఫోను బేగి పంపీరా. పొద్దున్న ఎనిమిదికి అది మోగాల, నాకు పనుంది. కంపెనీవోడు సూస్తే సూడనీ, ఆడు మా ఈదిలోకొచ్చి సెప్తాడేటి? నీ సభలో మాత్రం దాన్ని తియ్యకు. ఎందుకని అడక్కు. బడి పిల్లల పప్పు పొయ్యి మీదుంది, మాడిపోతాది.

మీ పిన్ని


నర్సీపట్నం,
సోమవారం

ప్రియమైన పిన్నీ,

సభ అదిరింది! నీ ఫోనును లైబ్రరీ టీవీకి కలిపి, ఏ యాప్ ఏ వేళకు తెరుచుకుందో ఆ జాబితా వరసగా చదివాను. జనం నోళ్లు తెరిచారు. మీ ఊరి కన్నబాబు గారు ముందు వరసలో కూర్చుని టీవీలో ఆ జాబితాకు ఫొటో కూడా తీసుకున్నారు. ఫోను పంపుతున్నాను. ఆ టిక్కు తీసేశాను. ఇక నీ మీద ఎవడి పెత్తనమూ లేదు!

నీ ధర్మతేజ


ఎస్. రాయవరం,
గురువారం

ధర్మా,

ఆ జాబితాలో రోజూ ఎనిమిదికి తెరుసుకున్నది టీబీ మాత్రల యాపు. నాలుగు నెల్లబట్టి వాడతన్నాను. ఇక ఎవరికీ అంటదని డాక్టరుగారు సెప్పేరు. దాని పేరు సూసి నీకు తెలవనేదు గానీ కన్నబాబుకి తెలిసింది, ఆ ఫొటో ఊరంతా తిప్పేడు. "సోమలమ్మ వండితే మా పిల్లలు తినరు" అని బడి కాడ గోలెట్టేరు. నన్ను వంటలోంచి మానిపించేసేరు.

కంపెనీవోడు అడిగేడు. నేను సదవకుండా నొక్కేను, అది నా తప్పు. నువ్వు అదీ అడగలేదురా.

సోమలమ్మ


నర్సీపట్నం,
ఆదివారం

ప్రియమైన పిన్నికి,

అలా పిలిచే అర్హత ఉందో లేదో తెలియదు. జోగులు నీ మొదటి ఉత్తరం సభకు ముందు రోజే ఇచ్చాడు. చదివాను. నాలుగో తరగతితో చదువాపేసిన మనిషి భయంలే అనుకుని కరపత్రాల కట్టలో దోపేశాను. ఆ కట్టలో ప్రతి కాగితం మీదా నేను అచ్చేయించిన మాట 'అనుమతి లేనిదే ముట్టుకోవద్దు.' మిగిలినవన్నీ నిన్న పొయ్యిలో పెట్టాను. ఇప్పుడు షాపులో ఏ ఫోను వెనకైనా గీత గీసిన చీటీ కనబడితే దాన్ని బోర్లించి, ఫోను ఇచ్చిన మనిషినే తెరవమంటున్నాను.

డాక్టరు గారి చేత కాగితం రాయించి హెడ్‌మాస్టరు గారిని కలవాలని ఉంది. కానీ అదీ నీ జబ్బు సంగతే. నువ్వు ఔనంటేనే కదులుతాను. ఈ ఉత్తరంతో ఖాళీ కార్డు పెడుతున్నాను. ఏమీ రాయకుండా తిప్పి పంపితే, కాదన్నావనే అనుకుంటాను.

క్షమించమని అడిగే ధైర్యం ఇంకా రాని
ధర్మతేజ